తేనెటీగ వేషంలో తోటమాలి

ఈగ అంటే మనకు రోత. తేనెటీగ అంటే భయం. మొదటిదాన్ని విసనకర్రతో తోలుతాము, రెండోదాన్ని చూచి పిల్లల్ని లోపలికి పిలుస్తాము. ఈ రోతకూ ఆ భయానికీ నడుమ, రెంటికీ తగని ప్రాణి ఒకటి మన పెరట్లోనే, మన కుండీల చుట్టూనే, మనం చూస్తూండగానే తన పని తాను చేసుకుపోతున్నది. ఒంటిమీద పసుపూ నలుపూ చారలుంటాయి గనుక తేనెటీగ అనుకుని దెబ్బ వేస్తాము. అది కుట్టదు, కుట్టడానికి దానికి ముల్లే లేదు. కరవదు, కరిచే నోరూ లేదు. మన చిక్కుడు పాదుకు అది చేసే సేవ తెలిస్తే, కొట్టబోయిన చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఈ నెల ఆ ప్రాణిని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

రైతులకోసం వ్రాసే వ్యాసాల్లో దీన్ని సిర్ఫిడ్ ఈగ అంటారు. ఆ పేరు చిన్నపిల్లల నోట సులువుగా పలకదు. కంటికి కనపడని దారానికి వ్రేలాడదీసినట్లు గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడగలగడం దీని విద్య గనుక, మేము దీన్ని నిలువుటీగ అని పిలుచుకుంటున్నాము. చదువరులకు ఇంతకన్న మంచి పేరు తోస్తే నిరభ్యంతరంగా అదే వాడుకోవచ్చును.

ఏది ఈగ, ఏది కాదు?

రెక్కలుండి జుమ్మని తిరిగే చిన్నప్రాణులు చాలావాటికి మన పెద్దలు ఈగ అనే మాటనే తగిలించారు. అన్నంమీద వాలేది ఈగ, పశువుల్ని పీడించేది జోరీగ, తేనె కూర్చేది తేనెటీగ, చూరుకింద గూడు కట్టేది కందిరీగ. శాస్త్రజ్ఞులు మాత్రం ఈ ఉమ్మడి కుటుంబాన్ని వేరు పెట్టారు. వారి లెక్కలో రెండే రెక్కలున్నది ఈగ. ఇంటి ఈగకూ, జోరీగకూ, చివరకు దోమకూ రెండే రెక్కలు. తేనెటీగకూ కందిరీగకూ నాలుగు. అవి చీమలకు దగ్గరి చుట్టాలుగాని ఈగలకు కావు.

నిలువుటీగకు రెండే రెక్కలు. వెనుక జత ఉండవలసిన చోట గుండుసూది తలల్లాంటి బుడిపెలు రెండు ఉంటాయి. ఎగిరేటప్పుడు అవికూడా రెక్కలతోపాటు వేగంగా ఊగుతూ, ఒళ్లు ఏ ప్రక్కకు ఒరిగిందో, ఎటు తిరిగిందో దానికి తెలియజేస్తూంటాయి. గాలిలో నిలబడే విద్య వెనుక ఆ బుడిపెల సాయం ఉన్నది.

ఈ కుటుంబం చిన్నదేమీ కాదు. ప్రపంచంలో 6,000కు పైగా జాతులు గుర్తించారు. మన దేశంలో 350కి పైగా ఉన్నవి. ఇంత పెద్ద కుటుంబంలో పదిమందినైనా ముఖపరిచయం చేసుకోకుండా మనం పెరట్లో తిరుగుతున్నామంటే ఆలోచించవలసిన విషయమే గదా!

పగటివేషం

మన చిన్నతనాల్లో ఊళ్లలోకి పగటివేషగాళ్లు వచ్చేవారు. ఒకనాడు శివుడు, ఒకనాడు పోలీసు జమేదారు, ఒకనాడు కోమటిసెట్టి. వేషం ఎంత అచ్చుగుద్దినట్లుంటే చేటలో బియ్యం అంత నిండుగా పడేది. అది మోసం కాదు, జీవనోపాయం. నిలువుటీగ వేషమూ అట్లాంటిదే.

దాని వెనుక సంగతి ఇది. ఒక పిట్ట కందిరీగను నోట కరచి కుట్టించుకున్నదనుకోండి. పసుపూ నలుపూ చారలంటే ఇక దానికి జ్ఞాపకమే. ఆ చారలున్న మరొక పురుగు, ముల్లు లేనిదైనా సరే, పిట్ట కంటపడి బ్రతికిపోతుంది. ఇంగ్లండు దేశస్థుడు హెన్రీ వాల్టర్ బేట్సు 1848 నుంచి 1859 వరకు, అంటే 11 ఏండ్లు, అమెజాను అడవుల్లో తిరిగి, అక్కడి సీతాకోకచిలుకల్లో ఇట్లాంటి వేషాలను కనిపెట్టి 1862లో ప్రకటించాడు. పక్షులకు రుచించని జాతి రంగులను, రుచించే జాతి ధరించి ప్రాణం కాపాడుకుంటున్నదని ఆయన చెప్పాడు. ఆ ఈగ కూర్చుని ఆలోచించి వేసుకున్న వేషం కాదు సుమా. తరతరాలుగా కందిరీగ పోలిక కొంచెం ఎక్కువగా ఉన్నవి బ్రతికి పిల్లల్ని కన్నవి. పోలిక లేనివి పిట్టల పాలైనవి. అంతే.

వేషానికి తగ్గ అభినయమూ కొన్నింటికి ఉన్నది. కొన్ని జాతులు ముందుకాళ్లు పైకెత్తి, కందిరీగ పొడుగు మీసాల్లాగా ఆడిస్తాయి. కొన్ని పట్టుకుంటే పొట్ట వంచి కుట్టబోయినట్లు నటిస్తాయి. నటనకు మించి వాటి దగ్గర ఏమీ లేదు.

పెద్దలే మోసపోయారు

పిట్ట మోసపోయిందంటే వింత లేదు. మనుషులే, అందులోనూ చదువుకున్నవారే, వందల ఏండ్లు మోసపోయారు. ప్రాచీన గ్రీసు, రోము దేశాల్లో చచ్చిన ఎద్దు కళేబరంలోనుంచి తేనెటీగలు పుడతాయని నమ్మేవారు. ఎద్దును ఎట్లా చంపాలో, ఎట్లాంటి గదిలో మూసిపెట్టాలో విధానాలుకూడా వ్రాసి పెట్టుకున్నారు. రష్యా ప్రభుత్వ దౌత్యోద్యోగిగా పనిచేసి, ఈగల శాస్త్రంలో గొప్ప పండితుడనిపించుకున్న ఓస్టెన్ సాకెన్ అనే ఆయన ఈ ముడి విప్పి, 1894లో పుస్తకం ప్రకటించాడు. కుళ్లిన నీచునీటిలో పెరిగే ఒక నిలువుటీగ జాతి ఉన్నది. పేరు ఎరిస్టాలిస్ టేనాక్స్. అది అచ్చంగా మగ తేనెటీగలా ఉంటుంది. కళేబరంలోనుంచి వచ్చినవి ఆ ఈగలేగాని తేనెటీగలు కావని ఆయన చెప్పాడు.

మరొక తమాషా. మైక్రోడాన్ అనే జాతి నిలువుటీగ పిల్లదశలో చీమలపుట్టలో ఉంటుంది. గుండ్రంగా, బోర్లించిన చిప్పలా ఉండే ఆ పురుగును పందొమ్మిదో శతాబ్దంలో కొందరు శాస్త్రజ్ఞులు నత్తల జాతి అనుకుని, నత్తల పేరే పెట్టారు.

మన దేశపు నిలువుటీగలను ఓపికగా పోల్చి వ్రాసినవాడు ఎన్రికో బ్రునెట్టి. ఆయన వృత్తి సంగీతం. కలకత్తాలో ఉంటూ ఈగలను చదివాడు. ఆయన వ్రాసిన సంపుటం 1923లో వెలువడింది. తరువాత బెంగుళూరులో పనిచేసిన కీటకశాస్త్రజ్ఞుడు కుమార్ ఘోర్పడే 2014లో భారత ఉపఖండపు నిలువుటీగల పట్టికను సవరించి ప్రకటించారు. వాయిద్యం పట్టిన చేత్తో ఒకరు భూతద్దం పట్టగలిగినప్పుడు, గరిటె పట్టిన చేత్తో మనం పట్టలేమా?

గుర్తుపట్టడం ఎట్లా?

పట్టుకోనక్కరలేదు, వల అక్కరలేదు. పూలగుంపు దగ్గర కదలకుండా పది నిమిషాలు నిలబడితే చాలు. మన నీడ పూలమీద పడరాదు. మగ ఈగ తనకు నచ్చిన చోటును కాపలా కాస్తూంటుంది. అదరి పారిపోయినా తరచు ఆ చోటికే తిరిగి వస్తుంది. చూడవలసినవి ఇవి:

మొదటిది, కళ్లు. నిలువుటీగ తలలో చాలా భాగం కళ్లే. మగవాటిలో ఎక్కువ జాతులకు రెండు కళ్లూ నడినెత్తిన కలిసిపోతాయి; ఆడవాటికి నడుమ పాపిడి తీసినట్లు ఎడం ఉంటుంది. తేనెటీగ కళ్లు తలకు రెండు ప్రక్కలా నిలువుగా ఉంటాయి.

రెండోది, మీసాలు. తేనెటీగకూ కందిరీగకూ మోచేయి వంచినట్లు పొడుగైన మీసాలుంటాయి. నిలువుటీగవి చాలావరకు పొట్టి. ఉన్నవో లేవో అన్నట్లుంటాయి.

మూడోది, నడుము. కందిరీగ నడుము దారంలా సన్నం. నిలువుటీగలో కొద్ది జాతులు తప్ప తక్కినవాటికి నడుమూ పొట్టా ఒక్క వెడల్పే.

నాలుగోది, కాళ్లు. తేనెటీగ వెనుక కాళ్లకు పుప్పొడి ముద్దలు మూటగట్టినట్లు కనపడతాయి. నిలువుటీగ పుప్పొడి తింటుందిగాని మూట కట్టదు.

ఐదోది, అన్నిటికన్న నమ్మకమైనది, రెక్క. గాలిలో నిలబడే ఈగలు వేరే కుటుంబాల్లోనూ ఉన్నవి గనుక నిలబడడమొక్కటే సాక్ష్యం కాదు. భూతద్దంతోగాని, సెల్‌ఫోనులో తీసిన ఫొటోను పెద్దది చేసిగాని చూస్తే, రెక్క నడుమ పొడుగునా ఒక సన్నని గీత కనపడుతుంది. అది నరంలాగే ఉంటుంది, నరం కాదు. రెండు కొసలా ఏ నరంతోనూ కలియకుండా మాయమైపోతుంది. ఈ దొంగనరమే ఈ కుటుంబపు ఇంటిగుర్తు.

ఫొటో తీసేవారు పైనుంచి ఒకటి, ప్రక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి తీయడం మంచిది. తేదీ, వేళ, స్థలం, వాలిన పువ్వు నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. పువ్వు పేరు తెలుగులో వ్రాసుకుంటే ఇంట్లో పిల్లలకు అదికూడా ఒక పాఠమవుతుంది.

ఒక హెచ్చరిక. ఈ గుర్తులు చదివిన ధైర్యంతో పిల్లలు చారల పురుగునల్లా చేత పట్టబోరాదు. తేనెటీగ కుట్టడం కొందరికి ప్రాణాపాయం తెచ్చిపెడుతుంది. చూపుతో గుర్తుపట్టాలి, చేతితో కాదు. గూడు కనపడితే దూరంగా తొలగిపోవాలి.

లాల్‌బాగులో ఎవరెవరు?

మా పరిచయం బెంగుళూరుతో గనుక ఇక్కడి మాట చెపుతున్నాము. లాల్‌బాగులో చెరువు అంచున, పచ్చిక నడుమ గడ్డిచేమంతి పూచినచోట ఉదయం ఎనిమిదింటినుంచి పదకొండు లోపల నిలబడితే చాలు. వానలు వెనుకబట్టిన తరువాత, సంక్రాంతి దాటి మాఘమాసం వరకు మంచి కాలం. తురహళ్లి అడవి అంచులూ, హెసరఘట్ట గడ్డిబయళ్లూ ఇందుకు అనువైనవే.

ఇక్కడ పరిచయం చేసుకోదగినవి నాలుగు. అంగుళంలో సగానికి లోపుగా, నారింజరంగు పొట్టమీద ఒక లావు నల్లచార, దాని వెంట ఒక సన్నచార, మళ్లీ లావు, మళ్లీ సన్నం అన్నట్లు జంటచారలుంటే అది ఎపిసిర్ఫస్ బాల్టియేటస్. ఈ చిన్నప్రాణి ఐరోపా ఖండంలో సముద్రం దాటి వలసపోతుంది. దక్షిణ ఇంగ్లండుమీదుగా ఏటేటా ఇదీ, దీని చుట్టమొకటీ కలిసి 400 కోట్ల వరకు వచ్చిపోతున్నవని 2019లో ప్రకటించిన ఒక పరిశోధనలో లెక్క కట్టారు.

నల్లని పొట్టమీద పసుపు పట్టీలు, రొమ్ముకు ఇరుప్రక్కలా అంచు కుట్టినట్లు పసుపుగీత, పసుపు ముఖం ఉంటే ఇస్కియోడాన్ స్కూటెల్లారిస్. మన దేశంలో కూరపాదుల దగ్గర మామూలుగా కనపడేది ఇదే. బియ్యపుగింజ అంత మాత్రమే ఉండి, కళ్లమీద తెల్లని సన్న వెండ్రుకల చారలున్నది పారాగస్. తులసి పూగుత్తులమీద వెదకండి. నీటి ప్రక్కన, లావుగా, తేనెటీగ ఒడ్డూ పొడుగూ ఉండి, కళ్లనిండా చుక్కలు జల్లినట్లుంటే ఎరిస్టాలినస్. చుక్కల కళ్లున్న తేనెటీగ లేదు గనుక దీని వేషం ఇట్టే బయటపడుతుంది.

పారాగస్‌లో ఏ జాతి అని అడిగితే ఫొటో చూచి చెప్పడం తరచు సాధ్యం కాదు. సూక్ష్మదర్శినికింద శరీరభాగాలు పరీక్షించాలి. అట్లాంటప్పుడు పారాగస్ అని మాత్రమే వ్రాసుకుని ఆగిపోవాలి. తెలిసినంతవరకే వ్రాసుకోవడం ఈ విద్యలో మొదటి మర్యాద.

పేనుబంకా, పాదూ

ఇక అసలు సంగతికి వద్దాము. చలికాలంలో చిక్కుడు, అనప, అలసంద లేతకొమ్మలకు నల్లగా, ముద్దముద్దగా పట్టే పేనుబంక మన ఆడవాళ్లందరికీ తెలిసినదే. పేను అనే మాటను కన్నడ సోదరులు హేను అంటారు, తమిళులు పేన్ అంటారు. మాట ఒకటే, బాధా ఒకటే. అది కొమ్మ రసం పీల్చి, తీపి జిగురు విసర్జిస్తుంది. ఆ తీపికోసం చీమలు చేరి, పాలిచ్చే ఆవును కాచినట్లు పేనుబంకను కాస్తాయి. ఆకు ముడుచుకుంటుంది, పూత రాలుతుంది.

సరిగా ఆ ముద్ద ప్రక్కనే ఆడ నిలువుటీగ వచ్చి, తెల్లని, కోలగా ఉన్న గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టిపోతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి పురుగు బయటికి వస్తుంది. దానికి కాళ్లు లేవు, చూపున్న కళ్లు లేవు. తల అటూ ఇటూ ఆడిస్తూ తడుముకుంటుంది. పేనుబంక తగిలిందా, నోట కరచి పైకెత్తి, రసం పీల్చి, తొక్క వదిలేస్తుంది. పగలు ఆకు మడతలో నక్కి, చీకటి పడ్డాక ఎక్కువగా పని చేస్తుంది. ఇట్లా ఒకటి రెండు వారాల్లో ఒక్కొక్క పురుగు వందలకొద్దీ పేనుబంకలను తినివేస్తుంది. తరువాత ఆకుమీదనే నీటిబొట్టు ఆకారంలో గూడుకట్టి, వారం పది రోజులకు ఈగ అయి ఎగిరిపోతుంది. పెద్దదైన ఈగకు తేనే, పుప్పొడే ఆహారం. పువ్వునుంచి పువ్వుకు పుప్పొడి చేరవేయడం దాని రెండో ఉపకారం.

అన్ని జాతులూ ఈ పని చేయవు. ఎరిస్టాలినస్ పిల్లలు మురుగునీటిలో, పొడుగైన తోకలాంటి గొట్టం నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటూ, కుళ్లిన పదార్థం తిని బ్రతుకుతాయి. అట్లని ఇంటి దగ్గర నీరు నిలవ ఉంచరాదు, దోమలు చేరతాయి. చెరువులూ కుంటలూ వాటికి చాలును.

వచ్చిన చిక్కల్లా ఏమంటే, పాదుమీద ఈ మిత్రుడు చూడడానికి అందంగా ఉండదు. ఆకుపచ్చగానో, మట్టిరంగుగానో, జిగటగా జలగలా ఉంటుంది. బసవనగుడిలో మాకు తెలిసిన ఇంటి పెరట్లో ఒక అవ్వగారు పేనుబంక పట్టిన కొమ్మమీద బూడిద చల్లబోతూ, నడుమ ఈ పురుగును చూచి, ‘‘ఓయమ్మో, దీనికి తోడు ఇదొకటా!’’ అని కొమ్మనే తుంచబోయింది.

‘‘అవ్వా, ఉండు, ఉండు! అది మన పురుగు,’’ అన్నది మనుమరాలు.

‘‘మన పురుగేమిటే, మన పురుగు? చుట్టమా పక్కమా?’’

‘‘రేపు పొద్దున చూడు, అవ్వా. అప్పుడూ వద్దంటే తుంచేద్దువుగాని.’’

అవ్వగారు మరునాడు చూచింది, ఆ మరునాడూ చూచింది. నల్లని ముద్ద పలచబడి, తెల్లని తొక్కలు మిగిలినవి. ‘‘సరే, ఉండనీ. కూలి అడగని పనిమనిషి,’’ అన్నదామె.

ఆ మనుమరాలు ఆపకపోతే ఏమయ్యేదో చాలా ఇళ్లలో జరుగుతూనే ఉన్నది. పేనుబంక కనపడగానే కొట్టునుంచి మందు తెచ్చి చల్లుతాము. పేనుబంకా చస్తుంది, దాన్ని తినే పురుగూ చస్తుంది. పేనుబంకలో ఆడది మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. వెచ్చని రోజుల్లో ఆ పిల్ల వారానికే తల్లి అవుతుంది. మందు తగలని నాలుగు మిగిలితే చాలు, తినేవాడు లేని పాదును మళ్లీ ఆక్రమిస్తాయి. మనం మళ్లీ మందు చల్లుతాము. ఆ చిక్కుళ్లే కోసి పిల్లలకు వండిపెడతాము. శత్రువును కొట్టబోయి మిత్రుణ్ణి చంపడమంటే ఇదే.

చేయవలసినది కొంచెమే. పేనుబంక పట్టిన కొమ్మను ముందు నిదానంగా చూడాలి. జలగలాంటి పురుగులు, నీటిబొట్టు గూళ్లు కనపడితే ఆ కొమ్మ జోలికి పోకుండా వారం పది రోజులు వదిలేయాలి. కనపడకపోతే నీళ్లు జోరుగా కొట్టి పేనుబంకను కడిగివేయవచ్చును. రెండు కుండీల్లో ధనియాలు చల్లి, కొత్తిమీరంతా కోసుకోకుండా కొంత పూతకు వదలాలి. విప్పారి, కురచగా ఉండే కొత్తిమీర పూలు, ఆవపూలు ఈ ఈగలకు అందుబాటైన విందు. మేడమీద నాలుగు కుండీలున్న ఇంటివారుకూడా ఈ పని చేయవచ్చును.

ఇక్కడ చెప్పినవాటిలో జంటచారల ఈగా, పసుపు పట్టీల ఈగా దేశమంతటా ఉన్నవి గనుక, బరంపురంలో ఉన్నవారూ, సోలాపూరులో ఉన్నవారూ, మద్రాసులో, యానాంలో ఉన్నవారూ ఈ చలికాలంలో వెదకి చూడవచ్చును. ఆదివారం ఉదయం ఒక గంట, ఇంట్లో ఒక పెద్దా ఒక చిన్నా కలిసి పాదు దగ్గర నిలబడితే చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పువ్వుమీద చూచారో నాలుగు పంక్తులు వ్రాసి పంపిస్తే, వచ్చే సంచికల్లో సంతోషంగా ప్రకటిస్తాము. పిల్లలు తమ చేతివ్రాతతో తెలుగులో వ్రాసినవాటికి ముందు చోటిస్తాము.